ఆదివారం కొండ మీద కట్ చేసిన సీన్

కారు ఆపి డోరు తీయబోతుంటే అన్నయ్య గట్టిగా అరిచాడు. "ఒరేయ్, పట్టుకుని తియ్యరా! గాలికి విరిగిపోద్ది. అద్దె కారు!"

నిజమే. రెండు చేతులతో పట్టుకుంటే తప్ప డోరు ఆగలేదు. దిగి చూస్తే చుట్టూ బంగారు రంగు గడ్డి, దాని వెనక మంచు కొండలు, మధ్యలో పది పాయలుగా చీలి పారుతున్న రంగిటాటా నది. ఆ మైదానం మధ్యలో ఎవరో తెచ్చి పెట్టినట్టు ఒకే ఒక్క రాతి గుట్ట. పేరు మౌంట్ సండే. అంటే ఆదివారం కొండ. చుట్టుపక్కల గొర్రెల ఫారాల సరిహద్దులు కాసే రైడర్లు ఒకప్పుడు ఆదివారాలు ఇక్కడ కలుసుకునేవాళ్లట. అందుకే ఆ పేరు.

'లార్డ్ ఆఫ్ ద రింగ్స్' చూసినవాళ్లకి ఇంకో పేరు చెబితే చాలు. ఎడోరస్. రోహన్ రాజుగారి ఊరు. కొండ మీద బంగారు కప్పుతో పెద్ద సభా మండపం, దాని ముందు మెట్ల మీద నిలబడ్డ ఎయోవిన్, ఆమె జుట్టుని ఎగరేస్తున్న గాలి. ఆ గాలి ఫ్యాన్ పెట్టి తెప్పించింది కాదని కారు దిగగానే నమ్మకం కుదిరింది.

న్యూజిలాండ్ వెళ్తున్నానంటే ఆఫీసులో అందరూ ఒకటే అన్నారు, హాబిటన్ చూసిరా అని. చూశాను. నార్త్ ఐలాండ్‌లో మాటమాటా ఊరి దగ్గర ఓ కుటుంబానికి చెందిన గొర్రెల ఫారం అది. 1998లో పీటర్ జాక్సన్ టీమ్ గాల్లోంచి వెతుకుతూ ఆ పచ్చని గుట్టల్ని కనిపెట్టింది. రోడ్లు వేయడానికి న్యూజిలాండ్ ఆర్మీ సాయం చేసింది. మొక్కలు అక్కడే పెరిగినట్టు కనబడాలని షూటింగ్‌కి చాలా ముందే నాటారు. ఇప్పుడున్నది తర్వాత 'ద హాబిట్' సినిమాల కోసం శాశ్వతంగా ఉండేలా మళ్లీ కట్టిన సెట్టు. గుండ్రటి తలుపుల ఇళ్లు నలభైకి పైగా ఉన్నాయి. బాగుంటుంది. బస్సెక్కిస్తారు, గైడు జోకులు చెబుతాడు, చివర్లో గ్రీన్ డ్రాగన్ అనే పబ్‌లో ఒక గ్లాసు చేతిలో పెడతారు. టికెట్ మాత్రం వంద డాలర్లు దాటుతుంది. మన కరెన్సీలోకి లెక్కేసుకోకుండా ఇచ్చేస్తే మనశ్శాంతి.

కానీ మౌంట్ సండే దగ్గర టికెట్ లేదు. గైడు లేడు. సెట్టు కూడా లేదు. షూటింగ్ కోసం నెలల తరబడి కట్టిన ఊరిని పని అయిపోయాక మేకుతో సహా తీసేసి, కొండని కొండలా అప్పగించేశారు. నేను ఇంత దూరం వచ్చింది ఆ ఏమీ లేని కొండ కోసమే. ఎందుకో చెప్పాలంటే ఒంగోల్లో మా ఇంటికి, 2010 ఎండాకాలానికి వెళ్లాలి.

అప్పుడు నేను ఎనిమిదో క్లాసు పూర్తి చేశాను. అన్నయ్య ఇంటర్ పరీక్షలు రాసి ఖాళీగా ఉన్నాడు. వాడి ఫ్రెండు మేనమామ అమెరికా నుంచి తెచ్చిన డీవీడీల పెట్టెని వారం రోజులకని అప్పు తెచ్చాడు. మూడు లావుపాటి పుస్తకాల్లా ఉన్నాయి. తెరిస్తే ఒక్కోదాంట్లో నాలుగు డిస్కులు. మా డీవీడీ ప్లేయర్లో పెడితే ఆడలేదు. అప్పట్లో డీవీడీలకి రీజియన్ కోడ్ అని ఒకటి ఉండేది. అమెరికాది 1, మనది 5. కంప్యూటర్ డ్రైవ్‌లో రీజియన్ మార్చుకోవచ్చు, కానీ ఐదుసార్లే. ఆ తర్వాత ఎక్కడ ఆగితే జీవితాంతం అక్కడే. నాన్న కంప్యూటర్‌లో ఆ ఐదు అవకాశాల్లో ఒకదాన్ని అన్నయ్య ఆ రాత్రి ఖర్చు పెట్టాడు. ఈ విషయం నాన్నకి ఇప్పటికీ తెలీదు. ఇది చదివితే తెలుస్తుంది.

ఆ పెట్టె మీదున్న మాట 'ఎక్స్‌టెండెడ్ ఎడిషన్'. థియేటర్లో 178 నిమిషాలున్న మొదటి భాగం ఇందులో 208. రెండోది 179 నుంచి 223. మూడోది 201 నుంచి 251. మొత్తం మీద రెండు గంటలకి పైగా కొత్త సీన్లు. వాటికి మళ్లీ గ్రాఫిక్స్ చేశారు, హోవర్డ్ షోర్ మళ్లీ సంగీతం రికార్డు చేశాడు. అంటే చెత్తబుట్టలోంచి ఏరిన ముక్కలు కావు, ముస్తాబు చేసి కథలో కూర్చోబెట్టినవి. జాక్సన్ మాత్రం థియేటర్ వెర్షన్లే అసలు సినిమాలని, ఇవి అభిమానుల కోసమని చెబుతుంటాడు. ఒక్కో సినిమా రెండు డిస్కులు పట్టేది. మొదటి సినిమాలో ఎల్రాండ్ సభ అయ్యి తొమ్మిది మంది బృందం ఏర్పడగానే డిస్కు అయిపోయేది. లేచి మార్చాలి. అది నా డ్యూటీ. మిగతా రెండు డిస్కుల్లో సినిమా తీసిన కథ. ప్లాస్టిక్ పైపుల్ని సన్నటి రింగులుగా కోసి, ఒక్కొక్కటీ చేత్తో కలిపి సైనికుల కవచాలు అల్లినవాళ్లు అందులో ఉంటారు. హెలికాప్టర్ అంటే భయపడి, బోరోమిర్ వేషంలోనే కొండెక్కి షూటింగ్‌కి వెళ్లిన షాన్ బీన్ సంగతీ ఉంటుంది. అన్నయ్యకి సినిమా కంటే ఆ డిస్కులే ఎక్కువ ఇష్టం. చివర్లో ఫ్యాన్ క్లబ్ సభ్యుల పేర్లు దాదాపు ఇరవై నిమిషాలు పైకి పోతూ ఉంటాయి. "ఒక్క రెడ్డో రావో కనబడకపోతాడా" అని వాడు రెప్పవేయకుండా చూసేవాడు. నేను 'బి' అక్షరం దాటకముందే నిద్రపోయేవాణ్ని.

అదనపు సీన్ల పిచ్చి మనకి కొత్తేం కాదు. మూడో వారం వాల్ పోస్టర్ మీద 'కొత్తగా కలిపిన సన్నివేశాలతో' అని స్టిక్కర్ పడితే మళ్లీ టికెట్ కొన్న జాతి మనది. 2025 సంక్రాంతికి 'పుష్ప 2'కి ఇరవై నిమిషాలు కలిపితే మళ్లీ వెళ్లినవాళ్లున్నారు. నేనూ వెళ్లాను. కానీ ఎక్కువ నిమిషాలుంటే ఎక్కువ ఆనందం అనుకుంటే లెక్క తప్పు. ఒక ఫైట్‌కి ఇంకో ఫైట్ కలిపితే పొడవు పెరుగుతుంది, అంతే. ఈ పెట్టెలో మమ్మల్ని కట్టిపడేసింది వేరు.

'టూ టవర్స్' థియేటర్ వెర్షన్లో ఫారమీర్ అనే కుర్రాడుంటాడు. హీరోల్ని పట్టుకుంటాడు, ఉంగరాన్ని వాళ్ల నాన్నకి పంపేద్దామనుకుంటాడు. చూసేవాళ్లకి వాడు ఇంచుమించు విలన్. ఎక్స్‌టెండెడ్‌లో నాలుగైదు నిమిషాల ఫ్లాష్‌బ్యాక్ ఒకటుంది. ఆస్గిలియాత్ అనే ఊరిని శత్రువుల నుంచి గెలుచుకున్న రోజు. అన్న బోరోమిర్, తమ్ముడు ఫారమీర్ నవ్వుకుంటూ ఉంటారు. తండ్రి డెనెథార్ వస్తాడు. పెద్దకొడుకుని ఆకాశానికెత్తి, చిన్నకొడుకుని అందరి ముందూ తీసిపారేస్తాడు. అప్పుడు బోరోమిర్ తమ్ముడి తరఫున తండ్రితో మాట్లాడతాడు. ఉంగరం కోసం నేను వెళ్తానని తమ్ముడంటే తండ్రి వద్దంటాడు. వెళ్లడం ఇష్టంలేని అన్ననే పంపిస్తాడు. అంతే సీను. కత్తి తిప్పడాలేం లేవు. కానీ అది చూశాక ఫారమీర్ విలన్ కాడు. మొదటి సినిమాలో తప్పు చేసి చచ్చిపోయిన బోరోమిర్ కూడా మారిపోతాడు. ఇద్దరి మీదా మనమిచ్చిన తీర్పు వెనక్కి తీసుకోవాలి. మూడో సినిమాలో సరుమాన్ చావు కూడా థియేటర్‌కి రాలేదు. దానికి క్రిస్టోఫర్ లీ ఎంతో బాధపడ్డాడు. ఎక్స్‌టెండెడ్‌లో ఆ సీను చూస్తే ఆ ముసలాయన బాధ అర్థమవుతుంది. ఒక మనిషికి ముగింపు లేకుండా చేయడం మామూలు విషయం కాదు.

మా ఇంట్లో ఆ సీను తిరగేసి నడిచింది. పొగడ్తలు చిన్నోడికి, తిట్లు పెద్దోడికి. అన్నయ్య ఇంజినీరింగ్ మూడో ఏడు మధ్యలో వదిలేశాడు. నాకు క్యాంపస్‌లో ఉద్యోగం వచ్చింది. నాన్న ఎరువుల కొట్టుకి వచ్చినవాళ్లందరికీ ఈ రెండు వాక్యాలూ ఇదే వరసలో చెప్పేవాడు. 2017లో అన్నయ్య వంట కోర్సు చదవడానికి క్రైస్ట్‌చర్చ్ వెళ్లాడు. ఫీజు కోసం అమ్మిన స్థలం సంగతి ఆ తర్వాత ప్రతి పండక్కీ భోజనాల దగ్గర వచ్చేది. నేను బోరోమిర్ స్థానంలో ఉన్నాను. వాడిలా ఒక్కసారి కూడా నోరు తెరవలేదు. అన్నం తిని లేచేవాణ్ని.

2021 జూన్‌లో నాయనమ్మ పోయింది. అన్నయ్యని పెంచింది ఆవిడే. న్యూజిలాండ్ సరిహద్దులు మూసేసి అప్పటికి ఏడాది దాటింది. తాత్కాలిక వీసా మీద ఉన్నవాడు బయటికెళ్తే మళ్లీ లోపలికి రావడం దాదాపు అసాధ్యం. అన్నయ్య రాలేదు. రాలేడని మాకు తెలుసు. అయినా మా ఇంట్లో అందరూ 'రాలేదు' అనే అన్నారు.

మార్చిలో క్రైస్ట్‌చర్చ్ ఎయిర్‌పోర్టులో నాలుగేళ్ల పొడిపొడి మాటల తర్వాత ఎదురుపడ్డాం. అమ్మ ఇచ్చిన ఆవకాయని కస్టమ్స్ దగ్గర డిక్లేర్ చేసి బయటపడేసరికి గంట పట్టింది. అన్నయ్య బయట నిలబడే ఉన్నాడు. జుట్టు పలచబడింది. చేతుల మీద నూనె చిందిన మచ్చలు. "ఎక్కడికెళ్దాం?" అన్నాడు. "ఎడోరస్" అన్నాను. నవ్వాడు. ఇన్నేళ్లుగా రెండున్నర గంటల దూరంలో ఉండి కూడా వాడు ఒక్కసారీ వెళ్లలేదట. "ఒక్కణ్నే వెళ్లి ఏం చేస్తా?" అన్నాడు.

దారి గురించి వెళ్లాలనుకునేవాళ్లకి నాలుగు మాటలు. క్రైస్ట్‌చర్చ్ నుంచి పడమరకి మౌంట్ సోమర్స్ అనే చిన్న ఊరు. పెట్రోలు, టీ, బాత్రూమ్ అన్నీ అక్కడే ముగించాలి. ఆ తర్వాత హకటెరె పాట్స్ రోడ్డు ఎక్కాలి. కాసేపటికి తారు అయిపోతుంది, కంకర మొదలవుతుంది. కంకర రోడ్డు మీద నడపొచ్చో లేదో అద్దె కారు కాగితాల్లో ముందే చూసుకోండి. దారిలో లేక్ క్లియర్‌వాటర్ వస్తుంది, పక్కనే చిన్న చిన్న సెలవుల గుడిసెలు. అది దాటాక లోయ తెరుచుకుంటుంది. ఫోన్‌లో సిగ్నల్ అంతకు చాలా ముందే చచ్చిపోతుంది. కారు పార్కింగ్ నుంచి కొండ మీదికి వెళ్లి రావడానికి గంటన్నర చాలు. మధ్యలో వేలాడే వంతెన మీద నడవాలి. కొండ పెద్ద ఎత్తేం కాదు, మన అమరావతి స్తూపాలు చూసినంత తేలిగ్గా ఎక్కొచ్చని అన్నయ్య అన్నాడు. వాడి మాట నమ్మొద్దు. చివర్లో నిటారుగా ఉంటుంది, గాలి వెనక్కి నెడుతుంది.

పైన ఏమీ లేదు. రాళ్లు, గడ్డి, గాలి. మండపం ఇక్కడ, మెట్లు ఇక్కడ, ఊరి గేటు అదిగో అక్కడ అని అన్నయ్య చేత్తో చూపిస్తూ తిరిగాడు. పదిహేనేళ్ల కిందటి డిస్కులో చూసినదంతా వాడికి గుర్తుంది. మండపం లోపలి సీన్లు వెల్లింగ్టన్ స్టూడియోలో తీశారని, ఇక్కడ తలుపు బయటి వరకేనని చెప్పాడు. జర్మనీ నుంచి వచ్చిన జంట ఒకటి వాడి చుట్టూ చేరింది. వాళ్లకి ఇంగ్లీషులో అంతా మళ్లీ చెప్పాడు. అంత హుషారుగా వాణ్ని చూసి ఎన్నేళ్లయిందో. కోర్సు వదిలేసినవాడిగా మాత్రమే నాకు గుర్తుండిపోయిన మనిషి, ఖాళీ కొండ మీద ఒక ఊరు నిలబెడుతున్నాడు.

వాళ్లు దిగిపోయాక రాతి చాటున కూర్చుని పులిహోర డబ్బా తీశాం. గాలికి గింజలు ఎగిరిపోతుంటే మూత అడ్డం పెట్టుకుని తిన్నాం.

"ఇక్కడ ఒక అంత్యక్రియల సీనుంది, గుర్తుందా?" అన్నాడు అన్నయ్య. గుర్తుంది. రాజుగారి కొడుకు థియోడ్రెడ్ అంత్యక్రియలు. శవాన్ని చేతుల మీదుగా సమాధి లోపలికి తీసుకెళ్తుంటే ఎయోవిన్ వాళ్ల భాషలో పాట పాడుతుంది. థియేటర్ వెర్షన్లో అది లేదు. తర్వాత తండ్రి సమాధి దగ్గర ఏడవడం మాత్రమే ఉంటుంది.

"అది లేకపోయినా కథ అర్థమవుద్ది. అందుకే తీసేసుంటారు" అన్నాడు. కాసేపాగి, "నాయనమ్మప్పుడు నేను కోల్డ్ రూమ్‌లో ఉన్నా. సాయంత్రం సర్వీస్ మొదలవుతోంది. లోపలైతే ఎవరూ చూడరని. ఉల్లిపాయల బస్తా మీద కూర్చుని ఫోన్ చూస్తున్నా. పాడె ఎత్తుతుంటే నెట్ పోయింది. వస్తదేమోనని పదిహేను నిమిషాలు అక్కడే ఉన్నా. వేళ్లు కొంకర్లు పోయినయ్."

నెట్ పోలేదు. ఆ ఫోన్ పట్టుకున్నది నేను. కర్ఫ్యూ టైముకి ముందే అయిపోవాలని అందరూ హడావిడి పడుతున్నారు. నాన్న ఇటు తిరిగి, "చాల్లే, ఆపెయ్. రానివాడికి చూపించేదేంటి" అన్నాడు. ఎర్ర బటన్ నొక్కాను. ఒక్క మాట అనలేదు.

అది చెప్పాను. గాలి హోరుకి వినబడిందో లేదోనని మళ్లీ గట్టిగా చెప్పాను. అన్నయ్య డబ్బా మూత పెట్టి, "తెలుసులే" అన్నాడు. నా వైపు చూడలేదు. నది వైపు చూస్తూ చాలాసేపు కూర్చున్నాడు. తర్వాత అడిగాడు.

"తర్వాత ఏం జరిగింది?"

చెప్పడం మొదలుపెట్టాను. నలుగురు మోసినవాళ్ల పేర్లు చెప్పాను. ఆకుపచ్చ చీర కట్టారని, నీ మొదటి జీతంతో కొనమని పంపిన డబ్బుతో తీసుకున్నదేనని చెప్పాను. వీధి చివర వేపచెట్టు దగ్గర దించారు. దింపుడు కళ్లం. చెవిలో మూడుసార్లు పిలవాలి కదా. నాన్న వంగాడు. మొదటిసారి "అమ్మా" అన్నాడు. రెండోసారీ "అమ్మా" అన్నాడు. మూడోసారి ఇంకా కిందికి వంగి, "అమ్మా, పెద్దోడొచ్చాడు, లెగమ్మా" అన్నాడు.

అన్నయ్య తల తిప్పాడు.

"నాన్నే అన్నాడా?"

"నాన్నే. నేను పక్కనే ఉన్నా."

"నాకెవరూ చెప్పలా."

నిజమే, ఎవరూ చెప్పలేదు. ఆ మాట విన్నది మేం ముగ్గురు నలుగురం. ఇంటికొచ్చాక దాని గురించి ఎవరూ మాట్లాడలేదు, నాన్నయితే అసలే మాట్లాడలేదు. నాకూ చెప్పాలని తోచలేదు. మళ్లీ పండగ వచ్చింది, మళ్లీ స్థలం సంగతి వచ్చింది. నేను మళ్లీ అన్నం తిని లేచాను.

కొండ దిగేటప్పుడు వాడు ముందు నడిచాడు. వంతెన దగ్గర ఆగి నేను వచ్చేదాకా ఉన్నాడు. కారెక్కాక హీటర్ వేశాడు. లేక్ క్లియర్‌వాటర్ దాటుతుంటే, కంకర మీద చక్రాల చప్పుడు మధ్యలో అడిగాడు.

"ఏమన్నాడన్నావ్? ఉన్నది ఉన్నట్టు చెప్పు."

చెప్పాను.

మౌంట్ సోమర్స్‌లో టీకి ఆపాడు. సిగ్నల్ వచ్చి రెండు ఫోన్లూ ఒకేసారి మోగడం మొదలుపెట్టాయి. వాడు తన ఫోన్ తీసి బోర్లా పెట్టి, కప్పు నా వైపు జరిపి, "వేపచెట్టు దగ్గర నుంచి మళ్లీ చెప్పు" అన్నాడు.